అయ్యగారి తల మీద ఎన్ని రెక్కలు?

ప్రతి ప్రాణినీ దాని దాని జాతిగా వేరు చేసి పుట్టించి, ఏది ఏ జాతో తెలియక తడబడే నాలాంటివాళ్ళను సైతం భరిస్తున్న దేవునికి స్తోత్రం. ఈగకు రెండు రెక్కలే చాలని నిర్ణయించినవాడు ఆయనే. ఆ సంగతి నా బుర్రకు ఆలస్యంగా ఎక్కడం మాత్రం నా స్వయంకృతం.

ఆ రోజుల్లో భయం నాకు ఒంట్లో ఒక అవయవంలా ఉండేది. డిగ్రీలో జువాలజీ చదివి, మధిరలో ఇంట్లో కూర్చుని ఉద్యోగం కోసం ఉపవాస ప్రార్థనలు చేస్తుంటే, దుమ్ముగూడెం వైపు అడవుల్లో ఈగల మీద పరిశోధన చేస్తున్న ఒక మేడమ్‌కు సహాయకురాలు కావాలని తెలిసింది. "ఈగల కోసం అంత దూరమా? మనింట్లో లేవా?" అన్నారు నాన్న. నేను మాత్రం ఇది నా ప్రార్థనకు జవాబేనని బస్సెక్కాను. (జవాబు ఇంత చిన్నదిగా, ఇంత పెద్ద సంఖ్యలో వస్తుందని అనుకోలేదు.)

చెట్ల మధ్య తెల్లటి వలతో గుడారం కట్టేవాళ్ళం. అందులోకి ఎగిరొచ్చిన పురుగులు వెలుతురు వైపు పైకి పాకి, కొసన కట్టిన స్పిరిట్ సీసాలో పడేవి. వాటిలోంచి ఈగలను వేరు చేయడం నా పని. మొదటి రోజు జోరీగలు, తేనెటీగలు, కందిరీగలు అన్నిటినీ ఒకే సీసాలో వేసి, దోమలను పారబోసి, గర్వంగా మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తేనెటీగ ఈగా?"

"పేరులోనే ఉంది కదా మేడమ్."

"నువ్వు తెలుగు ప్రకారం వేరు చేశావమ్మా. నాకు రెక్కల ప్రకారం కావాలి. తేనెటీగకీ కందిరీగకీ నాలుగు రెక్కలు, అవి ఈగలు కావు. దోమకి రెండే, అది ఈగల వంశమే. దాన్నేమో పారబోశావు!"

(ఈగల గణానికి రెండే రెక్కలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పరీక్షలో రాసింది అడవిలో కూడా చెల్లుతుందని నాకెవరూ చెప్పలేదు.)

ఆ అడవిలో ఈగలు ఎన్ని రకాలని! కాడల చివర కళ్ళున్నవి, ఎగిరే పురుగును గాలిలోనే పట్టి తినేవి, పుట్టగొడుగుల్లో పుట్టి పెరిగేవి. అన్నిటికన్నా నన్ను వణికించింది కందిరీగ వేషం వేసుకునే పూల ఈగ. అవే పసుపు నలుపు చారలు, అదే సన్నటి నడుము. అది కుట్టదు, కుట్టేదానిలా కనిపించి బతికిపోతుంది. పుస్తకంలో బొమ్మ చూపించారే కానీ, మేడమ్‌కు అది అక్కడ ఇంకా దొరకలేదు. "సోమవారం లోపల నువ్వే గుర్తుపట్టి ఒక్కటి పట్టుకురా. మళ్ళీ కందిరీగ తెచ్చావో, ఈ పని నీకు పడదనుకుని మధిర బస్సెక్కిస్తాను. జాగ్రత్త, కందిరీగ కూర్చున్నప్పుడు వెనక రెక్కలు ముందు రెక్కల కింద దాచుకుంటుంది. రెండే కనపడ్డాయని చెయ్యి పెట్టేవు!" అన్నారు.

శనివారం దాకా పొదపొదా గాలించాను. వేషం వేసినవి ఒక్కటీ కనపడలేదు. అసలు కందిరీగ ఒకటి కనపడి, బొటనవేలు కుట్టి వెళ్ళింది. ఆదివారం వాచిన వేలితో, నేను కిరాయికి ఉంటున్న ఇంటి పెద్దమ్మ వెంట రేకుల మందిరానికి వెళ్ళాను. అక్కడి పాస్టరు అయ్యగారు మోకరించి ప్రార్థన మొదలుపెడితే ఊరి పత్తి చేలతో మొదలై, భూదిగంతాల దాకా వెళ్ళి తిరిగి రావాలి. ఆ రోజు కరెంటు లేదు. ఆయన బట్టతల చెమటతో మెరుస్తోంది. జుమ్మని చప్పుడు వినపడి ఒక కన్ను తెరిచాను. (ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని సండే స్కూల్లో పిల్లలకు నేర్పిందీ నేనే.) ఆయన నడినెత్తి మీద, పసుపు నలుపు చారలతో, సన్నటి నడుముతో ఒకటి కూర్చుని చెమట నాకుతోంది.

అది ఈగైతే నా ఉద్యోగం. కందిరీగైతే అయ్యగారి నెత్తి. పక్కనే పెద్దమ్మ, పొడుగు కర్రకు కట్టిన మఖమల్ కానుకల సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"పెద్దమ్మా, అయ్యగారి తల మీద చూడండి."

"కండ్లు మూస్కో బిడ్డా."

"కందిరీగ."

పెద్దమ్మ కళ్ళు రెండూ తెరుచుకున్నాయి. "అయ్యో దేవా! ఏంది గట్ల కూసుంది? కొట్టనా?"

"వద్దు, వద్దు! ఈగేమో."

"ఇప్పుడే కందిరీగంటివి, మళ్ల ఈగంటున్నవ్. ఏదో ఒకటి చెప్పు జల్దీ!"

"రెక్కలు లెక్కపెట్టాలి పెద్దమ్మా."

"అది కుట్టినంక లెక్కపెడ్తవా?"

ఆవిడ ఒళ్ళోంచి సంచి కర్ర లాక్కుని చాపల మీద పాకాను. దగ్గరికి వెళ్ళి చూస్తే, వెనక రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు బొడిపెలు. ఈగలకే ఉంటాయవి. అవి బొడిపెలా, చెమట చుక్కలా? తేల్చుకునేలోపే అయ్యగారు నెత్తి తుడుచుకోవడానికి చెయ్యెత్తారు. నేను సంచి దించేశాను. అది ఆయన్ను చెవుల దాకా మింగింది.

"ఆమెన్!" అని అరిచారాయన. ఆ మాట కోసమే కాచుకున్న సంఘమంతా "ఆమెన్" అని హాయిగా కళ్ళు తెరిచి, నోళ్ళు కూడా తెరిచింది.

సంచిలోంచి అయ్యగారి గొంతు వచ్చింది: "గంత తొందరేంది బిడ్డా? కానుకల టైమ్ ఇంకా కాలే."

సంచి మూతి బిగించి పట్టుకుని మెల్లగా లాగాను. లోపల అది గిరగిరా తిరుగుతోంది. తెలుసుకోవడానికి ఒక్కటే దారి. ఈసారి నిజంగా కళ్ళు మూసుకుని, వాచిన వేలితోనే చెయ్యి పెట్టాను. అది చేతికి చిక్కింది. కుట్టలేదు. రెండే రెక్కలు.

మర్నాడు మేడమ్ దాన్ని భూతద్దం కింద పెట్టి ఎంతసేపు చూశారో, అంతసేపూ నేను మధిర బస్సుల టైములు గుర్తుచేసుకున్నాను. చివరికి పెన్ను తీసి, "చీటీ మీద రాయాలి, ఏ పువ్వు మీద దొరికింది?" అన్నారు.

"పువ్వు కాదు మేడమ్. మా అయ్యగారి తల."

ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి. "రేపటినుంచి వల వాడమ్మా, సంచి వద్దు" అన్నారు. రేపు అన్న మాట విన్నాక బస్సుల టైములన్నీ మరిచిపోయాను.

అయ్యగారు మాత్రం ఇప్పటికీ ప్రతి కూటంలో, దేవుడు కందిరీగ నోరు మూయించాడని సాక్ష్యం చెబుతారు. ఒకసారి పక్కకు పిలిచి, "అయ్యగారూ, అది ఈగ, అసలు కుట్టనే కుట్టదు" అన్నాను. "గది నీకు ఎర్కే బిడ్డా. నా తలకు తెల్వదు కద!" అన్నారు.

ఇప్పుడు నాకు ఈగలంటే భయం లేదు. కానీ మఖమల్ సంచి పట్టుకుని చాపల మీద పాకిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, చిన్న బెంగ కూడా. అంత వణుకుతూనే చెయ్యి లోపల పెట్టింది. భయంతో పాటు ఆ తెగింపు కూడా నాలోంచి ఎటో ఎగిరిపోయింది. చదువుతున్నవారు నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి: ప్రభువా, కుట్టేవాటి నుంచి మమ్మల్ని కాపాడు, కుట్టేవాటిలా కనిపించేవాటి దగ్గరికి పాకి వెళ్ళే గుండె ఇవ్వు, ఆమెన్. (మీరు కళ్ళు మూసుకునే చెప్పండి. నేను ఒకటి తెరిచి ఉంచుతాను.)