పలకని మెట్టు

పోయిన వారం బందరు నుంచి ఫోను వచ్చింది. మేం చదువుకున్న స్కూలు ప్రార్థన హాల్లో ఉన్న పాత పియానోని, ఇన్నేళ్ళకు, చెన్నై నుంచి మనిషిని రప్పించి బాగు చేయించారట, ఇప్పుడు అన్ని మెట్లూ పలుకుతున్నాయట, దానిమీద మొట్టమొదట నేనే వాయించాలట. పియానోయే బతుకుతెరువుగా బతికినదాన్ని గనక, కీళ్ళవాపుతో ఈమధ్య దాని జోలికి వెళ్ళకపోయినా, వస్తానండీ అనేశాను. ఫోను పెట్టేశాక మాత్రం ‘అన్ని మెట్లూ’ అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

మాది కోడూరు. హైస్కూలు చదువుకి నన్ను బందరులో పిన్ని దగ్గర ఉంచారు. అమ్మకి స్వయానా చెల్లెలు, పెళ్ళి చేసుకోలేదు, ఆడపిల్లల స్కూల్లో పాటల టీచరు. అప్పటి టీచరమ్మలు ఎలా ఉండేవారో మీకు తెలియంది కాదు, గంజిపెట్టిన నూలుచీర, చేతిలో గొడుగు, ఆమె వస్తోందంటే వరండా అంతా గప్‌చుప్. ఇంటికొస్తే ఆవిడే వేరు. అన్నాలయ్యాక నన్నే కథలు చెప్పమని, చిన్నపిల్లలాగా ఊ కొడుతూ వినేది. నేను మధ్యలో కునుకు తీస్తే, ఊ, ఊ అంటూ తట్టి లేపేది.

ఆ పియానో ఎవరో దొరసానమ్మ వెళ్ళిపోతూ వదిలేసింది. బందరు ఉప్పుగాలి కిటికీ చువ్వల్నే తినేస్తుంది, ఇక పియానో తీగలెంత! లోపల చెమ్మ చేరకుండా పిన్ని అందులో ఎప్పుడూ ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచేది, కరెంటు పోయిందంటే పసిబిడ్డకు జ్వరం వచ్చినట్టు కంగారుపడేది. అంత చేసినా, నేను రాకముందే ఉప్పెన నీళ్ళు హాల్లోకి వచ్చి దాన్ని ముంచేశాయి. మా దివిసీమలో మనుషులే కొట్టుకుపోయిన రోజులవి, పియానో ఏమైందని అడిగే నాథుడెవరు? పిన్ని కూడా ఆ మాట ఎవరితోనూ అనకుండా, తుడిచి, ఆరబెట్టి, దాన్ని మళ్ళీ లేపి నిలబెట్టింది. మెట్లన్నీ లేచాయి గాని, సరిగ్గా నడిమధ్యన, కుడిచెయ్యి మాటిమాటికీ వచ్చి ఆగేచోట, ఒక తెల్లమెట్టు మాత్రం మూగబోయింది.

నాకు పాఠం మొదలుపెట్టిన రోజునే ఆ మెట్టు వచ్చింది. పలకని దానికి వేలెందుకని దాటేసి ముందుకు పోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది.

“దాటెయ్యకే. పలకకపోయినా వేలు పెట్టాల్సిందే. నేను ఊ అంటాగా!”

అన్నట్టే అనేది. ఆ మెట్టు వచ్చినప్పుడల్లా, ఏ పాటలోనైనా సరే, సరిగ్గా ఆ శ్రుతిలోనే ‘ఊ’ అనేది పిన్ని. వంటింట్లో కూర తాలింపు వేస్తున్నట్టుగా, అంత మామూలుగా. గుడివాడ మావయ్య వచ్చినప్పుడల్లా వేళాకోళం చేసేవాడు, “ఏమ్మా, మీ హార్మోనియం కథ చెబుతుంటే మీ పిన్ని ఊ కొడుతోందా?” అని. పిన్ని కూడా నవ్వేసేది. ఒక్కోసారి మాత్రం మూత వేస్తూ, “దీని నోరు ఒక్కసారి పెగిలితే వినాలనుందే” అనేది. ఆవిడ ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదొక్కటే.

తర్వాత నన్ను మద్రాసు పంపించారు. అక్కడ పరీక్షలో, అన్ని మెట్లూ పలికే పియానోమీద నా వేలు ఆ చోటికి వెళ్ళేసరికి, తీగ ఖణేల్‌మంది. ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను. పిన్ని గొంతు ఉండాల్సిన చోట ఇంకెవరో పలికినట్టయింది. పాఠం మరిచిపోయానని పరీక్ష చేసేవాళ్ళు అనుకున్నారు.

ఆ తర్వాత ఉద్యోగం, శిష్యులు, ఊరూరా కచేరీలు, జీవితం దానంతటది నడిచిపోయింది. పిన్నిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి ఆ మెట్టు వినిపించాలని ప్రతి ఏడూ అనుకునేదాన్ని. ఒక ఏడు ఆవిడకు పరీక్షల డ్యూటీ, ఒక ఏడు మా అమ్మ మంచాన పడటం, ఇంకో ఏడు వరదలు. చివరికి విజయవాడలో కచేరీ కుదిరి, పిన్ని వచ్చి కూర్చునే నాటికి, ఆవిడ చెవులు పూర్తిగా పోయాయి. మిషను పెట్టినా లాభం లేకపోయింది. వినపడకపోయినా వస్తానంది, వచ్చింది, నా వేళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

ఆ మెట్టు వచ్చింది. వేలు వేశాను. అదే క్షణాన ముందు వరసలోంచి, హాలంతా వినపడేలా, ఏమాత్రం శ్రుతి తప్పకుండా, ‘ఊ’ అని వినిపించింది. జనం తలలు తిప్పి చూశారు. ఎవరో నవ్వారు కూడా. నాకు మెట్లు కనపడలేదు, చేతులే పాటను పూర్తి చేశాయి.

అయిపోయాక పిన్ని నా చెయ్యి పట్టుకుని అడిగింది. “పలికిందటే?”

పలికిందని తల ఊపాను. “అమ్మయ్య!” అంది. ఆ మరుసటి వానాకాలమే పిన్ని పోయింది.

మొన్న బందరు వెళ్ళాను. హాలు కొత్తగా ఉంది, గోడలకు రంగులు, పైన పెద్ద ఫ్యాన్లు. పక్కనే కీబోర్డులు పెట్టుకుని పిల్లలు కూర్చున్నారు, బంగారుతల్లులు, చక్కగా వాయిస్తున్నారు. మీట నొక్కితే చాలు, ఏ వాద్యం కావాలంటే ఆ వాద్యం. పలకని మెట్టంటూ వాళ్ళకు లేదు. ఒకరి లోటును ఇంకొకరు గొంతుతో పూడ్చాల్సిన అవసరం లేని కాలం, మంచిదే, కాదనను. మేం పెరిగిన కాలంలో మాత్రం సగం సంగీతం పక్కన కూర్చున్న మనిషిలోంచే వచ్చేది.

వాయించాను, చప్పట్లు కొట్టారు, అందరూ టీలకు బయటికి వెళ్ళారు. ఒక్కదాన్నే ఉండి మళ్ళీ ఆ తెల్లమెట్టు మీద వేలు పెట్టి నొక్కాను. ఎంత తియ్యగా పలికిందో! హాలంతా నిండి, మెల్లగా అణిగిపోయేదాకా వేలు తియ్యలేదు.

“పలికింది పిన్నీ” అన్నాను.

ఊ అనేవాళ్ళు లేరు.