జర పైలం అక్కలారా

షాద్‌నగర్‌లో మాకు చిన్న ఐస్‌క్రీమ్ షాపుంది. కొన్నేళ్ల కిందట గిరాకీలందరితో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. కొత్త రకం వచ్చినా, కాలనీలో కరెంటు పోయినా, ఎవరి మేక తప్పిపోయినా అందులో రాసేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం నాలుగేళ్ల పాప షాపు ముందు నిలబడి ఏడుస్తోంది. పక్క షాపుల వాళ్లు ఎవరి పిల్లో తెలియదన్నారు. చేతిలో ఐస్‌క్రీమ్ కప్పు పెట్టి, అడుగుతూ పోదామని కూరగాయల మార్కెట్ వైపు నడిపించాను.

దారిలో ఒకాయన ఆపాడు.

"గీ పాప ఎవలమ్మా?"

"తెల్వదన్నా. తప్పిపోయినట్టుంది."

"తెల్వని పిల్లకు ఐస్‌క్రీమ్ ఇచ్చి యాడికి తీస్కపోతున్నవ్?"

చూస్తుండగానే జనం చుట్టూ మూగారు. ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. షాపు పేరు చెప్పబోతే ఎవరూ వినిపించుకోలేదు. ఒకామె ఫోన్ తీసి అందరికీ వినబడేలా చదివింది: "ఐస్‌క్రీమ్ ఆశ చూపి పిల్లలను ఎత్తుకపోతున్నరు. జర పైలం అక్కలారా."

ఎక్కడినుంచో వచ్చిన ఆ మెసేజ్‌ను పొద్దున గ్రూపులో పెట్టింది నేనే. చివరి మాట నేను సొంతంగా చేర్చింది.

అంతలో ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పాప "అవ్వా" అంటూ ఆమె కాళ్లను చుట్టేసుకుంది.

"బేరం జేస్తుంటే చెయ్యిడిసి పోయింది బిడ్డా, నీ కడుపు సల్లగుండ" అంటూ ఆమె నా చేతులు పట్టుకుంది.

షాపుకు రాగానే ఆ మెసేజ్ తీసేశాను. దాంతో పీడ పోయిందనుకున్నాను. నెల తర్వాత నల్లగొండ నుంచి మా చెల్లె నాకే దాన్ని పంపింది. చివర నా మాట అట్లాగే ఉంది.