ఆ గంట చెంగయ్యన్నది

నిన్న తెల్లారి బిందె నింపుకుంటుంటే పక్కింట్లోంచి వదిన కేక వినపడింది.

బిందె అక్కడే వదిలేసి పరుగెత్తాను. చెంగయ్యన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. మొన్నే గోడ అవతల నిలబడి నాతో మాట్లాడిన మనిషి.

ఇది ఫొటో పెట్టి, దండం ఎమోజీ పెట్టే పోస్ట్ కాదు. చదివాక మీలో కొందరు నాతో మాట్లాడకపోవచ్చు. అయినా చెప్పాలి. చెప్పకపోతే ఇంకో మనిషికి అన్యాయం జరుగుతుంది.

మా ఊరు తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పులికాట్ సరస్సులో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వెయ్యాలో మాకు వంతులుంటాయి. చీటీలు తీసి ఆ వంతులు చెప్పేది చెంగయ్యన్నే.

ఒకసారి ఆయన సొంత మేనల్లుడు వేరేవాళ్ల వంతులో వల వేశాడు. అన్న పడవేసుకుని వెళ్లి, అందరూ చూస్తుండగా ఆ వల పైకి తీయించాడు.

"నీ వంతు కాదని తెలిసి ఎట్టేసినావురా? వాళ్లింట్లో పిలకాయలు తినొద్దా?"

అలాంటి మనిషి.

మా ఊళ్లో సెల్ నెట్ సరిగా అందదని, పోయినేడు మా వరసలో నాలుగిళ్లకీ కలిపి ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకున్నాం. బాక్స్ అన్న ఇంట్లో. కేబుల్ రమణ వచ్చి, "ఒకేసారి ఎన్ని టీవీలు ఆడతాయో చెప్పండి, దాన్నిబట్టి స్పీడ్ చెప్తా" అన్నాడు.

అన్న వంద ఎంబీపీఎస్ వేయించుకుందాం అన్నాడు.

నేను ఊరుకుంటానా? డిగ్రీ చదివినదాన్ని కదా. "ఎందుకన్నా దండగ? క్లియర్‌గా వీడియో రావాలంటే ఒక టీవీకి అయిదు చాలు. నాలుగైదులు ఇరవై. ముప్పై తీసుకుంటే ఇంకా మిగల్తాది" అని అందరి ముందూ లెక్క చెప్పాను.

"ఎవరన్నా ఫోర్‌కే టీవీ కొంటే చాలదక్కా. దానికొక్కదానికే ఇరవై అయిదు కావాల" అన్నాడు రమణ.

మా ఇళ్లల్లో అంత ఖరీదు టీవీలు ఎవరు కొంటారులే అని నవ్వేశాను.

"చదువుకున్న పిల్ల చెప్తా ఉండాది, అట్నే కానీండి" అన్నాడు అన్న.

ఆర్నెల్లు తిరక్కుండా ఆ టీవీ కొన్నది నేనే.

ఇక చూస్కోండి. మా టీవీ ఆన్ చేస్తే మిగతా మూడిళ్లల్లో చక్రం తిరగడమే. రోజూ గొడవలు. ప్లాన్ పెంచుదాం అన్నారు. నేను సాగనివ్వలేదు. పెంచితే నా లెక్క తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందని.

అన్న సరస్సు పద్ధతే ఇక్కడా పెట్టాడు. మెసేజ్‌లు ఎవరైనా చూసుకోవచ్చు, వీడియో మాత్రం వంతు ప్రకారం. పొద్దున పదకొండు నుంచి పన్నెండు ఆయన వంతు. తనకోసం తీసుకున్నది ఆ ఒక్క గంటే. సాయంత్రాలన్నీ మాకే ఇచ్చేశాడు.

రెండు నెలల కిందట గుండెకు స్టెంట్ వేశాక ఆయన పడవెక్కడం మానేశాడు. ఆ గంటసేపూ పాత నాటకాల పద్యాలు వింటూ కూర్చునేవాడు.

మొన్న ఆ గంటలోనే నేను టీవీ పెట్టాను.

ముందురోజు మిస్సయిన సీరియల్. పద్యాలే కదా, ఒక్కరోజు ఆగితే ఏమైపోయింది అనుకున్నాను. గోడ అవతలికి వినపడకుండా సౌండ్ తగ్గించాను.

తగ్గించానంటే, తప్పని తెలిసే చేశాను.

కాసేపటికి అన్న గోడ దగ్గరికి వచ్చాడు. కొంచెం ఆయాసపడుతున్నాడు.

"సుజాతా, మీ టీవీ గానీ పెట్టుండావా? నాకు బొమ్మ నిలబడిపోతా ఉండాది."

"లేదన్నా" అన్నాను.

ఇంకో మాట అడగలేదు. "అయితే లైన్లోనే ఏందో వచ్చుండాది. పోనీలే, రేపు చూసుకుంటా" అని లోపలికి వెళ్లిపోయాడు.

నేను సీరియల్ అయ్యేదాకా చూశాను.

నిన్న అన్నను సాగనంపి వచ్చాక వదిన చెప్పింది. మొన్న ఆ గంటలో ఆయన పద్యాలు వినడం లేదు. నెల్లూరు డాక్టర్‌తో వీడియోలో మాట్లాడుతున్నాడు. కాళ్ల వాపు చూపించమని డాక్టర్ అడిగారు. ఫోన్ కాళ్లదాకా దించేలోపే బొమ్మ ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించారంట.

తర్వాత డాక్టర్ మామూలు కాల్ చేసి, చూడకుండా ఏమీ చెప్పలేను, ఆయాసం ఉంటే వెంటనే బయలుదేరి రండి అన్నారు. "రేప్పొద్దున మళ్లా వీడియోలో చూపిస్తా సార్" అన్నాడంట అన్న.

రేప్పొద్దునకి మనిషే లేడు.

డాక్టర్ చూసి ఉంటే బతికేవాడా? తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు. ఈ జన్మకి ఆ ప్రశ్న నన్ను వదలదు.

వదిన నా భుజం మీదే పడి ఏడ్చింది. "పాడు లైను నా మొగుణ్ణి మింగేసిందే సుజాతా" అని. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. అప్పుడైనా నోరు విప్పలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా.

సాయంత్రం మనవాళ్లు రమణ చొక్కా పట్టుకున్నారు. "లైన్ బాగానే ఉండాదన్నా, కావాలంటే చూసుకోండి" అని అతను ఏడుస్తున్నా ఎవరూ వినలేదు. పొద్దున్నుంచి గ్రూపుల్లో అతని మీద ఏవేవో పెడుతున్నారు. దయచేసి అవి తీసెయ్యండి.

రమణ చెప్పింది నిజం. లైన్‌కి ఏమీ కాలేదు. నేను టీవీ పెట్టాను. పెట్టలేదని చెప్పాను.

వదినా, ఇది పోస్ట్ చేసి నీ దగ్గరికే వస్తున్నాను. కొట్టు, తిట్టు, గడప తొక్కనివ్వకు. ఏం చేసినా నీ ఇష్టం.

అన్నా, మేనల్లుణ్ణే వదలని నువ్వు నన్ను నమ్మావు.

పోయిరా అన్నా. నీ ప్రాణం హాయిగా ఉండాలి. నాకు మాత్రం ఆ హాయి వద్దు.