ముప్పై అడుగుల డ్రైవరు

హైదరాబాద్‌లో హనుమాండ్లన్న నడిపినన్ని సూపర్ కార్లు ఇంకెవరూ నడిపి ఉండరు. కానీ ఏదీ ముప్పై అడుగులు మించి నడపలేదు.

అతని పనే అది. ఊరి శివారు గోదాములో కారును తన ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించాలి, పంజాగుట్ట షోరూం ముందు దించాలి. ఎక్కేటప్పుడు పదిహేను అడుగులు, దిగేటప్పుడు పదిహేను. ఫస్ట్ గేరు, బ్రేకు, ఇంజను బంద్. పదకొండేళ్లుగా ఇదే. కారు కడుపు కింద ఎంత ఖాళీ ఉందో టేపు పెట్టి చూడడు. చెయ్యి పెట్టి చూసి, "బెత్తెడు, మీద ఒక వేలు" అంటాడు. ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

అతను దించిన కార్లకు పాలిష్ కొట్టేది నేను. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వదిలేశాను. కారణం పెద్దదేం కాదు, బోరు కొట్టింది. ఒకరోజు అన్నను అడిగేశాను.

"ఎప్పుడూ గట్టిగా తొక్కబుద్ధి కాలేదా?"

"ఎందుక్కాదురా! మూడో గేర్ల గా ఇంజను ఎట్ల అరుస్తదో ఒక్కపారి ఇనాలె. గంతే."

మొన్న శుక్రవారం తెచ్చింది ఇటలీ కూపే. పసుపు రంగు, రెండే సీట్లు, వాటి వెనక ఇంజను, ఆరు వందల పైన గుర్రాల బలం. ఆ మోడల్ ఈ ఊళ్లో దిగడం అదే మొదలు. ముందు రోజు గోదాములో దాన్ని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఒట్టు. అందుకే లారీలో అన్న పక్కన నేనూ ఎక్కాను. కొన్నావిడ పేరు అరుణాదేవి గారు. రాజమండ్రి నుంచి వచ్చి టైల్స్ వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి, యాభై ఎనిమిదేళ్లు. షోరూం దగ్గర పూజ పెట్టుకున్నారు. ముహూర్తం పది గంటల పన్నెండు నిమిషాలకు. పదిన్నరకు రాహుకాలం. అది మొదలైతే కొత్త బండి కదిలించరు.

తొమ్మిదీ ముప్పై అయిదుకు, కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం ముందు మా లారీ గేరు కేబుల్ తెగింది. ఇంజను నడుస్తోంది, గేరు పడదు. మెకానిక్ రావడానికే గంట పడుతుంది.

షోరూంలో డెలివరీలు చూసే మానసకు ఫోన్ చేశాం. స్పీకర్‌లో పెట్టాను.

"కారు దించొద్దన్నా! రోడ్డు మీద నడపనీకి మీకు పర్మిషన్ లేదు."

ఇంతలో ఫోను అరుణాదేవి గారి చేతికి వెళ్లింది. "ఏంటండీ, ఎంత దూరంలో ఉన్నారు?"

"రెండు కిలోమీటర్ల మీద ఉంటది మేడం."

"మీరు నడపగలరా?"

"ముప్పై అడుగులు దాటి ఎప్పుడు నడపలె మేడం."

"నేనైతే ఆ ముప్పై కూడా నడపలేదు. తీసుకొచ్చేయండి."

మానస మళ్లీ అందుకుంది. "మేడం చెప్పిర్రని ఒప్పుకుంటున్నం. కొత్త ఇంజను. గీత పడ్డా, గట్టిగ తొక్కినా, రేపటి నుంచి నీకు మా దగ్గర పని లేదన్నా."

లారీ బల్ల వంచి, చెక్కలు పరిచి కారు దించాం. కోచింగ్ పిల్లలు రెండొందల మంది మూగారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే.

"అన్నా, మైలేజ్ ఎంత?"

"నీ జావా కోర్సు ఫీజంత పోసినా పంజాగుట్ట దాటదు. జరుగు!"

అన్న చెప్పులు లారీలోనే విడిచి, స్టీరింగ్‌కు దండం పెట్టి కూర్చున్నాడు. పక్క సీట్లో నేను. బటన్ నొక్కాడు. వీపు వెనక ఏదో నిద్ర లేచినట్టయింది. పిల్లలు ఈలలు వేశారు. నేనూ వేశాను.

మెట్రో పిల్లర్ల పక్కన బస్సుల మధ్య పాక్కుంటూ పోయాం. కొంత దూరం పోయాక, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన చోట రోడ్డుకు అడ్డంగా సిమెంటు గట్టు. అన్న కారు ఆపేశాడు. దిగి, మోకాళ్ల మీద కూర్చుని, గట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. వెనక హారన్లు మోగిపోతున్నాయి.

ఆటో అతను తల బయట పెట్టాడు. "ఓ అన్నా! కారా, పెళ్లికూతురా?"

"పెళ్లికూతురే! జర ఆగు భాయ్."

ముక్కు లేపే బటన్ ఒకటుంది. అది నొక్కితే ముందు భాగం రెండు వేళ్లు పైకి లేచింది. అన్న కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ విడిగా గట్టు దాటించాడు. ఎక్కడా రాసుకోలేదు.

పంజాగుట్ట చౌరస్తాలో మేమే ముందు. అంబులెన్స్ కోసం కానిస్టేబుల్ అన్ని వైపులా ఆపాడు. అది ఆసుపత్రి వైపు తిరిగిపోగానే మాకు చెయ్యి ఊపాడు. ఎదురుగా ఖాళీ రోడ్డు! పంజాగుట్టలో, శుక్రవారం పూట పదింటికి, ఖాళీ రోడ్డు!

"తొక్కన్నా!" అన్నది నేనే.

అన్న తొక్కాడు. ఒకటి. రెండు. మూడు. సీటు నన్ను లోపలికి లాగేసుకుంది. వెనక నుంచి వచ్చిన అరుపు చెవుల్లోకి కాదు, పక్కటెముకల్లోకి దూరింది. మూడు సెకన్లు, అంతే. మళ్లీ బ్రేకు, మళ్లీ ఫస్ట్ గేరు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పది దాటి ఆరు నిమిషాలకు షోరూం ముందున్నాం. మేనేజర్ ప్రమోద్ ఫోన్ లైటు వేసి కారు కిందంతా వెతికాడు. "గీతల్లేవు మేడం" అన్నాడు.

అక్కడితో అయిపోయేది. అన్న నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. నేనైతే మూసుకునేవాణ్ణి.

"ఒక్కపారి మూడో గేర్ల తొక్కిన మేడం. చౌరస్త దగ్గర. తప్పు నాదే."

మానస తల పట్టుకుంది. ప్రమోద్ కన్నెర్రజేశాడు. "చెప్పినం కదా? నువ్విగ రాకు."

"ఆగండి ప్రమోద్ గారూ. కారు నాది." అరుణాదేవి గారు అన్న దగ్గరికి వచ్చారు. "ఎంత స్పీడు పోయింది?"

"మీటరు చూడలె మేడం. రోడ్డు చూసిన."

"చప్పుడెలా ఉంది?"

అన్న ముంజేయి చాపి చూపించాడు. వెంట్రుకలు ఇంకా నిక్కబొడుచుకునే ఉన్నాయి.

ఆవిడ పగలబడి నవ్వి, చీర కుచ్చిళ్లు దోపుకుని డ్రైవర్ సీట్లోకి దిగి కూర్చున్నారు. పూజారి నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాడు. ఆవిడ కొడుకు తారక్ పక్క తలుపు తెరిచాడు.

"నువ్వు కాదురా. నీకూ తెలీదు, నాకూ తెలీదు. హనుమాండ్లు గారూ, మీరు కూర్చోండి. ప్రమోద్ గారూ, రేపటి నుంచి ఈయన వస్తారు కదా?"

ప్రమోద్ ఒకసారి కారును, ఒకసారి ఆవిడను చూశాడు. "వస్తడు మేడం."

నిమ్మకాయలు చితికాయి. పసుపు కారు ఖైరతాబాద్ వైపు మెల్లగా తిరిగి బస్సుల వెనక కనపడకుండా పోయింది. నేను రోడ్డు మధ్యలోకి పరిగెత్తి చెవులు రిక్కించాను. ఫస్ట్ వినబడింది. చాలాసేపు అదే. తర్వాత సెకండ్.

"మేడం, ఇంకో గేరున్నది" అంటున్నాడేమో కారు లోపల అన్న.

అప్పుడు అరిచింది.