ఆలేరు అవ్వ దగ్గరి చీనీ డబ్బీ

చౌటుప్పల్‌లో నా రాతబల్ల మీద పెన్నులు తక్కువ, పింగాణీ ఎక్కువ. వెనకటికి చైనాలో చదువుకున్నవాళ్లు కుంచెతో రాసేవారట. కుంచె కడుక్కునే గిన్నె, సిరా నూరడానికి బొట్టుబొట్టుగా నీళ్లు వదిలే బుల్లి చెంబు, తడి కుంచె ఆనించే కొండల ఆకారపు పీట, అన్నీ పింగాణీతోనే చేయించుకునేవారు. అవి మూడూ నా దగ్గర ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీ సంతలో పగిలిన కప్పుల కుప్పలు గెలికి పట్టుకున్నవే. తెలంగాణ వచ్చిన ఏడాదే మా ఆయన పోయాడు. ఆ తర్వాత పొద్దు గడవక పట్టిన పిచ్చి ఇది. మా ఆడపడుచు వాటిని ఉప్పుగిన్నెలనుకుంటుంది. అనుకోనీ, నాకేం.

దొరకనిది ఒక్కటే. ముద్ర వేసే ఎర్రసిరా ముద్దను దాచుకునే గుండ్రటి మూతడబ్బీ. అది వస్తే తప్ప నా బల్ల నిండదు.

నేను టీచరుగా ఉన్న బడిలోనే తెలుగు చెప్పే అమ్మాయి ఉంది. నాకంటే చాలా చిన్నది, అక్కా అక్కా అని వెంట తిరిగేది. పాత పింగాణీని గుర్తుపట్టడానికి గోటితో తట్టి చప్పుడు వినడం, అడుగున పూత అంటని అంచును వేలితో తడమడం ఆమెకు నేర్పింది నేనే. ఆమె తల్లిగారి ఊరు ఆలేరు. ఓ సెలవు రోజున అక్కడ తమ ఇంటిపేరుగల ఒక అవ్వ దగ్గరికి నన్ను తీసుకుపోయింది. దేవుని అర్రలో, దీపం కుందె పక్కన కనబడింది నా డబ్బీ. తెల్లటి ఒంటి మీద నీలిగీతలు, మూత మీద పడవలో కూర్చుని గాలం వేస్తున్న ముసలాయన. అవ్వ మామ దొర గడిలో లెక్కలు రాసేవాడట, ఆ దొరే ఇనాముగా ఇచ్చాడట. అందులో కుంకుమ నిండుగా ఉంది. కుంకుమ అందని లోపలి అంచున ఇంకో ఎరుపు, నూనె తాగి గట్టిపడిన ముదురు ఎరుపు. అది చైనావాడి సిరా. డబ్బీ అసలుదని చెప్పే సాక్ష్యం అదే.

అవ్వ ఆ డబ్బీ తెచ్చి ఆ అమ్మాయికి బొట్టు పెట్టింది. నాకు చాయ్ ఇచ్చింది.

నేను రోజూ నల్ల స్టిక్కర్ పెట్టుకునే బడికి వెళ్తాను, ఎవరేమనుకున్నా సరే. కానీ ఒకరు చేత్తో పెట్టడం వేరు. ఆ చాయ్ తాగుతూనే డబ్బీ ఇమ్మని అడిగాను, ఎంతంటే అంత ఇస్తానన్నాను.

"కుంకుమ బరిణె ఎవరన్న అమ్ముకుంటరా టీచరమ్మా?" అంది అవ్వ.

నేను వదిలే రకం కాదు. యాదగిరిగుట్ట పోయినప్పుడల్లా లడ్డూ పట్టుకుని ఆలేరు దిగేదాన్ని. బదులుగా వెండి బరిణె కూడా తీసుకుపోయాను. అవ్వ లడ్డూ తినేది, నా మోకాళ్ల నొప్పులు అడిగేది, డబ్బీ మాట మాత్రం ఎత్తనిచ్చేది కాదు.

అట్లా కొన్నేళ్లు తిరిగాక, ఓ వేసవిలో అవ్వ ఆ అమ్మాయికి, పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో పోసినట్టే, ఒడిబియ్యం పోసింది. అవ్వకు ఆడపిల్లలు లేరు, ఇంటి ఆడబిడ్డ అని ఈమెను పిలిచింది. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ, వాటి మీద కుంకుమతో సహా నా డబ్బీ. బడి తెరిచిన రోజు టీచర్ల గదిలో ఆ అమ్మాయి ఫోనులో ఫొటో చూపించింది. మంచిదమ్మా అన్నాను. నేను ఏళ్ల తరబడి తిరిగితే రానిది, ఆమె కొంగు పడితే వచ్చి పడింది!

ఆ తర్వాత ఆమె ఏం చేసినా నాకు మంటే. పూలు పెట్టుకుంటే మంట, గాజులు చప్పుడైతే మంట. సాయంత్రం మొగుడు బండి తెచ్చి గేటు దగ్గర నిలబడితే మరీ మంట. డబ్బీ ఒక్కదాని కోసమే అయితే ఇంత కుళ్లు ఉండదని నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆమెతో మాట్లాడటం మానేశాను.

పాపం, ఆమె తట్టుకోలేకపోయింది. ఓ ఆదివారం ఇంటికే వచ్చింది. అవ్వను అడిగే తెచ్చానని చెప్పి, కొత్త గుడ్డలో చుట్టిన డబ్బీని నా బల్ల మీద ఆ మూడింటి పక్కన పెట్టింది. మూత తీశాను. లోపల తెల్లగా మెరిసిపోతోంది. కుంకుమ లేదు, సిరా లేదు. పాత మరక ఎంతకీ పోకపోతే కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్షుతో తోమిందట.

"ఎందుకు కడిగినవ్?" అన్నాను.

"కుంకుమ ఉన్నదాన్ని మీ చేతికి ఎట్లియ్యాలె అక్కా? మీ మనసు నొస్తదని జర మంచిగ కడిగిన."

"కుంకుమతోనే ఇయ్యకపోయినవా," అన్నాను.

ఆమె నా నుదుటి వైపు చూసి, వెంటనే తల దించుకుంది. సిరా పోయిందన్న సంగతి నేను చెప్పలేదు, ఆ క్షణాన అది నాకూ గుర్తు రాలేదు. చాయ్ పెట్టి ఇచ్చి పంపించాను.

ఇప్పుడు నా బల్ల నిండింది. ఆమె కుంకుమను ఏ స్టీలు డబ్బీలోకి మార్చుకుందో ఏమో, ఇప్పుడు ఆ స్టీలు డబ్బీని తలుచుకుని కుళ్లుకుంటున్నాను.