అమ్మ పేరు మీది లోను

బ్యాంకు మేనేజర్ కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే "మీ పేరు మీద లోన్ రాదండీ" అన్నప్పుడు, ఆయన మా నాన్నతో కాక ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను. మిర్యాలగూడలోని ఆ బ్రాంచిలోనే నాన్న ఏళ్ళ తరబడి పంట రుణం తీసుకుంటున్నాడు. వేములపల్లి దగ్గర మా వరి పొలం పాసుబుక్కు వాళ్ళ బీరువాలోనే ఉంది. నాకు ఐర్లండ్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి నెల గడువు కూడా లేదు. కట్టకపోతే సీటు పోతుంది.

"ఎందుకు రాదు సార్?" నేనే అడిగాను.

"మీ నాన్నగారి క్రాప్ లోన్ చాన్నాళ్ళుగా రెన్యువల్ చేసుకోలేదమ్మా. మొండి బాకీల్లోకి వెళ్ళిపోయింది. ఇంక ఆయన సంతకంతో చదువు లోన్ ఎట్లా ఇస్తాం?"

నాన్న టవల్‌తో మొహం తుడుచుకున్నాడు. "మాఫీ వస్తదంటే ఆగిన సారూ. నేనొక్కన్నే గాదు, ఊరంత ఆగిన్రు. కట్టినోడు పిచ్చోడైతడన్నరు."

నాకు తల కొట్టేసినట్టయింది. మా వైపు రైతులు ఏటా వానాకాలానికి ముందు చేబదులు తెచ్చి పాత లోను కట్టేస్తారు. కొత్త లోను ఎత్తి ఆ చేబదులు తీర్చేస్తారు. రెన్యువల్ అంటే ఇదే. ఎన్నికల మాట వినబడిందంటే చాలు, ఆ కట్టడం ఆగిపోతుంది. తీరా కట్టాక మాఫీ వస్తే తామొక్కరమే మోసపోతామని భయం. నాన్న కూడా ఆ గుంపులో ఉన్నాడని నాకు తెలియదు, అమ్మకూ తెలియదు.

బయటికి వచ్చాక బస్టాండు దగ్గర ఆయనన్న మాట విని ఇంకా బిత్తరపోయాను. "నీ లోన్ గూడ గవర్నమెంటు బ్యాంకుదే గద బిడ్డా. ఇంకో ఎలక్షన్లొస్తే అదిగూడ పోతదనుకున్న." పరాచికం కాదు. మనసులో ఉన్నదే అన్నాడు. నా చదువంతా ఈ లెక్క మీద నడపబోయాడు మా నాన్న. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నేనూ తక్కువ తినలేదు. సూర్యాపేటలో కన్సల్టెన్సీ వాళ్ళు ఏసీ గదిలో కూర్చోబెట్టి అరచేతిలో వైకుంఠం చూపిస్తే నమ్మేశాను. "పొలం ఉంది కదా మేడం, లోన్ గురించి మర్చిపోండి" అన్నారు. తీరా మేనేజర్ చెప్పిందేమిటంటే, చదువు లోనుకు పొలం పనికే రాదు. రిజిస్ట్రేషన్ అయిన ఇల్లో, ప్లాటో కావాలి.

సంగతి అమ్మ దాకా పోకుండా సర్దుదామని నాన్న అటునుంచి అటే కోదాడ బస్సెక్కాడు, నన్నూ ఎక్కించాడు. కోదాడలో మా మేనత్తకు సొంత ఇల్లుంది. అత్త మంచినీళ్ళిచ్చి, కాఫీ ఇచ్చి, అంతా విని చెప్పింది. "నేను సంతకం పెడితే మీ బావగారు ఊరుకుంటారేంట్రా? అయినా నీ అప్పే నువ్వు కట్టలేదంట, పిల్లదాని అప్పేం కడతావు?" నాన్న కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

ఇంక మిగిలింది అమ్మ. అమ్మ అంగన్‌వాడీ టీచరు. మిర్యాలగూడలో చిన్న ప్లాటు ఆమె పేరు మీద ఉంది, పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. మర్నాడు ఆమె ఆధార్, పాన్ తీసుకెళ్ళి మేనేజర్‌కు ఇస్తే, చూసి "మీ అమ్మగారి రికార్డు బంగారమమ్మా, ఆవిడ్ని తీసుకురండి" అన్నాడు. సీటు నిలబడిందని ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ గోంగూర తెంపుతోంది. విషయమంతా చెప్పాను.

"నేను సంతకం పెట్ట" అంది.

బ్యాంకులో తగిలిన దెబ్బ దీని ముందు ఎంత. అమ్మ కాదంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అసలు అడగాల్సిన అవసరం ఉంటుందనే అనుకోలేదు. ఒళ్ళు మండిపోయి "నీకంటె అత్తనే నయం, కాఫీ అన్న పోసింది" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. "మహిళా సంఘంల నేను ఇయ్యాల్టి దాంక ఒక్క కిస్తీ ఆపలే. జరమొచ్చినా పోయి కట్టిన. ఒక్కలు ఆపితే అందరికి లోన్ బందయితది. మీ నాయిన నాతోని ఒక్క మాటన్న చెప్పకుండ ఆపిండు. రేపు నువ్వు గాడ నౌకరి దొర్కలేదని ఆపితే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"నేను ఆపనమ్మా."

"మీ నాయిన గూడ ఏటేట గదే అంటుండె."

రెండు రోజులు అమ్మ తన జీతం లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. మూడో రోజు అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని "నడువు" అంది. గడప దగ్గర కూర్చున్న నాన్నను చూస్తూ ఒక్కటే షరతు పెట్టింది. "బ్యాంకోళ్ళు ఆగుతమన్నా చదువైనంక కడ్తమనేది లేదు. వడ్డీ నెలనెల నా జీతంల నుంచి నేను కడత. ఈ ఇంట్ల మాఫీ అన్న మాట ఎవ్వలు అనొద్దు." నాన్న తల వంచుకుని చెప్పులు సర్దుకున్నాడు.

బ్యాంకులో ఒక్కో సంతకం ముందూ అమ్మ "ఇది గూడ నేను కట్టే లోను కాయితమేనా సారూ?" అని అడిగి మరీ పెట్టింది. ప్లాటు కాగితాలు అప్పజెప్పింది. డబ్బు మా కంటికి కనబడలేదు, నేరుగా యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, అంతే.

ఐర్లండ్ వెళ్ళాను. శని, ఆదివారాలు ఒక కిరాణా దుకాణంలో పనిచేస్తూ చదివాను, పాసయ్యాను, ఉద్యోగాల వేటలో పడ్డాను. అమ్మ ప్రతి నెలా వడ్డీ కట్టి రసీదు ఫోటో పంపేది.

ఒకరోజు నాన్న ఫోను. గొంతులో సంబరం దాగడం లేదు. "పడ్డది బిడ్డా. మాఫీ. మొత్తానికి మొత్తం. నే చెప్పలే?"

ఏ బాకీ వల్ల నా సీటు పోబోయిందో, ఏ బాకీ వల్ల అమ్మ తన ప్లాటు కాగితాలు ఇచ్చిందో, అది ఊదేసినట్టు పోయింది. ఆగినవాడే గెలిచాడు. నాన్న అప్పు తీరినందుకు సంతోషపడాలి, పడ్డాను కూడా. కోదాడ అత్త కూడా ఫోన్ చేసి "మా తమ్ముడు తెలివైనోడే" అందట.

"అమ్మకియ్యి" అన్నాను.

అమ్మ ఆ రోజే బ్యాంకుకు వెళ్ళిందట, నా వడ్డీ కట్టడానికి. లోపల కాలు పెట్టే సందు లేదట. అందరూ మాఫీ సంగతి కనుక్కోవడానికి వచ్చినవాళ్ళే. డబ్బు చేతిలో పట్టుకుని నిలబడింది తానొక్కతేనట. "కౌంటర్ల పిల్ల గూడ నవ్వింది" అని చెప్పి తనూ నవ్వింది.

"కట్టినోళ్ళకు ఏమిస్తరు బిడ్డా?" అంది.

"ఏమియ్యరమ్మా" అన్నాను.

"ఒక నెల ఆపి సూద్దమా?"

అడిగింది మా అమ్మ. జ్వరంతో వెళ్ళి కిస్తీ కట్టిన మనిషి. వద్దని చెప్పడానికి ఒక్క కారణం వెతికాను, దొరకలేదు.

"వచ్చే నెల సంది నేనే కడతనమ్మా" అన్నాను.

అప్పటికి నాకింకా ఉద్యోగం రాలేదు.