కళ్లు తెరిచిన కౌబాయి

మా మామకు కళ అంటే ప్రాణమని మదనపల్లెలో అందరికీ తెలుసు. ఆయనే చెప్పుకునేవాడు కాబట్టి తెలుసు.

చింతపండు మండీ నడిపే మనిషి. సరుకు పనిమీద బెంగళూరు పోయినప్పుడల్లా ఇంగ్లీషు కౌబాయి సినిమాలు చూసి వచ్చేవాడు. భాష రాదు కనుక గుర్రాలను చూసేవాడు. ఎనభైల మొదట్లో, ఊళ్లో చాలాకాలం ఉన్న ఒక దొరల జంట స్వదేశం వెళ్లిపోతూ బంగళాలో సామాను అమ్మేసింది. తెలివైనవాళ్లు కుర్చీలూ బీరువాలూ కొనుక్కున్నారు. మామ రెండు కంచు బొమ్మలు కొన్నాడు. ఒకటి వెనక కాళ్లమీద లేచిన గుర్రం, దానిమీద పెద్ద టోపీ పెట్టుకున్న కౌబాయి. రెండోది తల వంచి నిలబడ్డ అడవిదున్న.

వాటిని మేడమీది గదిలో పెట్టించాడు. ఆ గదిలో అప్పటికే నేను ఉన్నాను. మా ఊరు చౌడేపల్లె దగ్గర. డిగ్రీ చదవడానికి వచ్చి అత్త ఇంట్లో ఉండేదాన్ని. కింద హాల్లో పిల్లలు, రేడియో, మండీ మనుషులు. అక్కడ పుస్తకం తెరిస్తే ఎవరో ఒకరు ఏం చదువుతాండావని అడిగేవారు. జవాబు చెప్పే బదులు నేను పుస్తకం మూసేసేదాన్ని. మేడమీద అయితే తూర్పు కిటికీ, ఒక మంచం, తలుపుకు గడియ. అన్నింటిలోకి గడియ ముఖ్యం.

"బొమ్మల్ని నువ్వు సూసుకో పాపా. అవి బాగుండేంతవరకూ గది నీదే," అన్నాడు మామ.

మొదటి శుక్రవారమే అత్త పైకి వచ్చి కౌబాయిని చూసి ముక్కు విరిచింది. బొమ్మ నిండు గోధుమరంగులో, వక్కపొడి ఛాయలో ఉండేది. ఆమెకు అది మసి పట్టిన చెంబులా కనిపించింది. చింతపండు, ఇటుకపొడి తెచ్చి కూర్చుని, మనిషినీ గుర్రాన్నీ కలిపి తోమేసింది. ఆ రంగు పట్టించడానికే చేసినవాడు నిప్పుతోనూ మందులతోనూ ఎంతో శ్రమపడి ఉంటాడని తర్వాత లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో చదివాను. సాయంత్రం మామ వచ్చి, తళతళలాడుతున్న కౌబాయి చుట్టూ తిరిగి, "ఇప్పుడు సూడు, అసలైన కళ వచ్చింది" అన్నాడు.

రంగు పోయిన కంచు ఊరుకోదు. తాకితే వేలిముద్ర పడుతుంది, వాన పడితే పచ్చగా చిలుం పడుతుంది. దాంతో ప్రతి శుక్రవారం తోమడం నా పనయింది. మండీవాళ్ల ఇల్లు కనుక చింతపండుకు కరువు లేదు.

ఇలా ఉండగా కుప్పంలో గ్రానైటు వ్యాపారం చేసే మామ స్నేహితుడొకడు, తన ఆఫీసు ముందు విదేశీ బేరగాళ్లు చూసి మెచ్చేదేదైనా పెట్టాలన్నాడు. నేను చేయించి చూపిస్తానని మామ మాట ఇచ్చేశాడు. పుంగనూరులో గుళ్లకు ఉత్సవ విగ్రహాలు పోసే ఆచారి ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి జీపులో బయల్దేరాం. కౌబాయిని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకోవడానికి నన్ను తీసుకుపోయారు. దారిలో మాట్లాడని మనిషినని.

ఆచారి నశ్యం పీల్చి, బొమ్మను వేలితో కొట్టి చూశాడు.

"డొల్ల సామీ ఇది. లోపల ఏమీ లేదు."

"దొరలు చేసింది అప్పా."

"దొరలు చేస్తే మాత్రం? మేము గట్టిగా పోస్తాం. మా తాత పోసిన సామిని లేపాలంటే పల్లకీ బోయీలకే నడుములు పట్టుకుంటాయి."

"గట్టిగానే పొయ్యి. ఇట్లే ఉండల్ల, అంతే."

"ఇట్లే యాల? ఇంకా బాగా చేస్తాం గదా."

ఇద్దరూ సంతోషంగా తలలూపుకున్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థమైందని ఇద్దరికీ నమ్మకం.

ఆచారి మైనం బొమ్మ చేసి, మట్టి మెత్తి, కాల్చి, కంచు పోసి, చివరికి పరీక్షల ముందు తెచ్చాడు. మనుషులు వెదురు బొంగులమీద మోసుకుంటూ మేడ ఎక్కించారు. బొంగులు దూర్చడానికి పీఠానికి నాలుగు వైపులా కడియాలున్నాయి. పీఠం మీద తామర రేకులున్నాయి. గుర్రం వెనక కాళ్లమీద లేవడం మానేసి, రథోత్సవానికి బయల్దేరినట్టు ఒక కాలు మాత్రం ఎత్తింది. మెడలో గజ్జెలు కూడా వేసుకుంది. కౌబాయి టోపీ కిరీటమై, మెడ రుమాలు హారమై, తుపాకీ బెల్టు వడ్డాణమైంది. పెదవులమీద చిరునవ్వు. కళ్లు మాత్రం లేవు. వాటి చోట నున్నటి ఉబ్బులు రెండు.

"కండ్లు యాడప్పా?" అన్నాడు మామ.

"కండ్లు మా కొట్టంలో తెరవం సామీ. తెచ్చి కూర్చోబెట్టినాక తెరవల్ల. మా ఇంటి పద్ధతి అది."

"ఇది దేవుడు కాదయ్యా. ఆవులు కాసేటోడు."

"కృష్ణుడు మాత్రం ఏం కాసినాడు?"

మర్నాడే కుప్పం ఆయన వస్తాడు. తనకు ఇట్లాంటి పూజల్లో నమ్మకం లేదని మండీలో అందరికీ చెప్పే మామ, "కానీ, కానీ" అన్నాడు.

కళ్లు తెరవగానే స్వామి చూపు ముందు అద్దం మీద, తర్వాత దూడతో ఉన్న ఆవు మీద పడాలట. అద్దం కన్నెపిల్ల పట్టుకోవాలట. "కన్నెపిల్ల ఎవరన్నా ఉండారా?" అని ఆచారి అడిగితే, "ఉండాది, పుస్తకం పట్టుకోని" అంది అత్త. ఆవు కూడా దొరికింది. వీధి చివరింట్లో పుంగనూరు ఆవు ఉండేది. నడుమెత్తు లేని జాతి కాబట్టి మేడమెట్లు ఎక్కగలదని తేల్చారు. ముందు దూడను ఎత్తుకుపోతే అది అరుచుకుంటూ వెనకే ఎక్కింది. నేను అద్దం పట్టుకుని నిలబడ్డాను. ఆచారి సన్న ఉలితో కళ్లు చెక్కాడు. చెవుల దాకా సాగిన కళ్లు. వాటితో కౌబాయి మొదట తన కిరీటాన్ని, తర్వాత ఆవును చూశాడు. ఆవు ఆయనను చూడలేదు. నా రాజనీతిశాస్త్రం నోట్సుమీద పేడ వేసింది. ఆ రోజు ఆ గదిలో జరిగినవాటిలో అర్థమున్న పని అదొక్కటే.

అసలు నష్టం ఆ మధ్యాహ్నం జరిగింది. అత్త దీపం పెట్టి, వెనక్కి తిరిగి నా మంచం చూసింది.

"కండ్లు తెరిచిన సామి ముందర కాళ్లు సాపుకోని పండుకుంటావా మే?"

మంచం కిందికి దిగింది. దాంతోపాటు నేనూ, నా పుస్తకాలూ. గడియ పైనే ఉండిపోయింది.

మర్నాడు కుప్పం ఆయన వచ్చాడు. గడప దగ్గరే చెప్పులు విడిచి, చెంపలు వేసుకున్నాడు.

"ఏం సామి అన్నా ఇది? అరవోళ్ల గుర్రం సామి అయ్యనారా?"

"కౌబాయి," అన్నాడు మామ.

"మీ ఇంటి కులదైవమా?"

మామ అమెరికా గురించి, ఎడారుల గురించి, కళ గురించి చాలాసేపు చెప్పాడు. ఆయన చేతులు కట్టుకుని భక్తిగా విన్నాడు. తర్వాత అన్నాడు: "బాగుండాడన్నా. కానీ మా ఆఫీసులో చెప్పులతో తిరుగుతారు, సిగరెట్లు తాగుతారు. దినామూ దీపం పెట్టేదానికి ఎవరుండారు? యాల ఆ పాపం." అత్త ఇచ్చిన కొబ్బరిముక్క కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

కరిగించేయమన్నాడు మామ. ఆచారి చెవులు మూసుకున్నాడు. అత్త అన్నం మానేస్తానంది. అసలు కౌబాయీ, అడవిదున్నా మండీకి పోయి, బిల్లులు ఎగిరిపోకుండా కాపలా కాయసాగాయి. మామ కళ గోడగడియారాలమీదికి మళ్లింది. నేను హాల్లో, రేడియో పక్కన, చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. పరీక్షలు దగ్గరికి వచ్చేశాయి. ఇలాగే సాగితే తప్పుతానని నాకు ఖాయంగా తెలుసు. తప్పితే చౌడేపల్లె బస్సు ఎక్కిస్తారని కూడా తెలుసు.

ఒక సాయంత్రం అత్త సగం మెట్లమీద కూలబడి మోకాళ్లు పట్టుకుంది. "రెండు పూటలా ఎక్కలేక సస్తాండా. ఎవరికి సెప్పుకోవల్ల."

"నేను పెడతాను అత్తా దీపం," అన్నాను. ఆ ఇంట్లో ఎవరూ అడగకుండా నేను పలికిన మొదటి మాట అదే.

ఆమె అనుమానంగా చూసింది. "పెట్టి వచ్చేస్తే సాలదు. కొండెక్కకుండా కాసుకోని ఆడనే కూర్చోవల్ల."

"కూర్చుంటాను."

"మంచం వేసేది లేదు."

"చాప చాలు."

నాకు భక్తి కుదిరిందని అత్త వీధంతా చెప్పుకుంది. ఇంత చిన్న వయసులో ఇంత భక్తా అని వాళ్లు ముచ్చటపడ్డారు. నేను తలుపు గడియ వేసి, మామ డబ్బుతో కొన్న నువ్వులనూనె ప్రమిద నిండా పోసి, కౌబాయి పక్కన చాప పరుచుకుని పుస్తకం తెరిచాను. ఆయన చిరునవ్వుతో ఆవు నిలబడ్డ చోటునే చూస్తూ ఉండేవాడు. తలుపు తట్టడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు, పూజలో ఉందనుకునేవారు.

శుక్రవారం చింతపండు పని మాత్రం తప్పలేదు. ఇప్పుడు దాని పేరు అభిషేకం.